పై వరుసలోని మాట

ఇందిరా నగర్, పుదుచ్చేరి
12 జూన్ 2024

అక్కయ్యా,

ముందు ఆచారం కానీ. ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను. నువ్వు ఎలాగూ రాయవు కనుక ఇద్దరి తరఫునా నేనే రాసేశాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి, ఉత్తరం రాయడమనే పాఠంలో ఆ ఒక్క వాక్యం నేర్పనని మొండికేసిన పంతులమ్మవు నువ్వొక్కదానివే. ‘ఏమిటమ్మా చిన్నమ్మాయి టీచరూ’ అని ఇన్‌స్పెక్టరు మందలించినా వినలేదుగా! నీ ఉత్తరాలు తలుపు తట్టకుండా వంటింట్లోకి వచ్చేసే చుట్టాల్లా ఉంటాయి. నీ చెవులు ఫోనుకు లొంగడం మానేశాక మనకు మళ్ళీ ఈ ఉత్తరాల యోగం పట్టింది, అదీ మంచికే.

మీ మరదలు పోయాక రెండేళ్ళుగా ఒక్క పేజీ రాయలేక గోళ్ళు గిల్లుకుంటున్న నన్ను, సముద్రం దగ్గర నాలుగు నెలలు కూర్చోమని తరిమావు కదా. నువ్వు చెప్పినట్టే పక్కనున్న ఏంబలం అనే పల్లెకు వెళ్ళి సుబ్బరాయలు గారి కుటుంబం గురించి అడిగాను. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటిందట. చిన్న కూతురు టౌనులో ఉందన్నారు. వచ్చి చూస్తే మేడ మీద వాటా ఖాళీగా ఉంది, దిగిపోయాను. ఆవిడ పేరు లోగనాయకి, అరవై ఏడేళ్ళుంటాయి. కొడుకు కార్తికేయన్ బ్యాంకు ఉద్యోగి. తరతరాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడతారు కానీ తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. చదువంతా అరవంలోనే. ఇంతకీ వీళ్ళు నీకెలా తెలుసో చెప్పనే లేదు.

రోజూ పొద్దున్నే కాఫీ కొట్టు దగ్గర నిలబడి మనుషుల్ని చూస్తున్నాను. వచ్చిన ప్రతివాడూ పక్కవాణ్ణి ‘సౌక్యమా?’ అని అడుగుతాడు, జవాబు వినకుండానే గ్లాసు అందుకుంటాడు. నిన్న ఒకాయన ‘లేదు, బాగాలేదు’ అన్నాడు. అడిగినవాడు ఎంత చిన్నబుచ్చుకున్నాడనుకున్నావు! బాగున్నామని చెప్పడం మర్యాద, నిజం చెప్పడం మొరటుతనం. దీని మీద ఒక వ్యాసం రాయొచ్చు.

ఇక అసలు సంగతి. మొదటి రోజు సాయంత్రం గేటు తీస్తుంటే ఆవిడ వరండాలోంచి, “యాడికి పోయొస్తివి సారూ?” అంది. నా మొదటి నవలలో కిటికీ చువ్వల వెనక నిలబడి, దారిన పోయే పిల్లల్ని ‘యాడికి పోతావు రా?’ అని పలకరించే మనిషి ఉంది చూడు, ఎక్కడా చూడకుండా పూర్తిగా ఊహించి రాశానని నేను ముప్పై ఏళ్ళుగా గొప్పలు పోయే మనిషి, ఆవిడ గొంతే ఇది.

నిన్న నేను రాసుకుంటుంటే వచ్చి చూసి, కిందికి వెళ్ళి పూజ అలమరలోంచి రేకు పెట్టె ఒకటి తెచ్చింది. నిండా ఉత్తరాలు. వాళ్ళ అక్క సుగంధివట. 1967లో మన యానాంలో ఉద్యోగం చేసే ఎవరికో ఇచ్చారట. రెండేళ్ళకే జ్వరంతో పోయిందట.

“మాకెవురికీ ఈ అచ్చరాలు రావు సారూ. పరాయి వాళ్ళ చేత చదివించేదానికి మా నాయన ఒప్పుకోలే. నేను పోయే లోపల మా అక్క మాట ఒక తూరి వినాల,” అంది.

రేపటి నుంచి వీలున్న రోజల్లా మధ్యాహ్నం మూడింటికి ఒకటి చదువుతానన్నాను. మన ఊళ్ళో ఇలాంటి మనిషి నీకేమైనా గుర్తుందా?

తమ్ముడు,
త్రిమూర్తులు

*

యానాం
19 జూన్

మూర్తీ,

ఉత్తరాలు ఎన్ని ఉన్నాయి? విప్పినవా, విప్పనివా? నీ కాఫీ కొట్టు వేదాంతం తర్వాత తీరిగ్గా రాద్దువుగాని, ముందు ఇది రాయి.

ఎవరైనా గుర్తున్నారా అంటే ఏం చెప్పను? అప్పటికి నువ్వు నాలుగేళ్ళవాడివి, నేను పన్నెండేళ్ళ పిల్లని. ఆ పెద్దావిడతో నా పేరు ఎత్తకు.

ఒక్కటే చెప్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చదువు. ఒక్క ముక్క వదలకు, ఒక్క ముక్క కలపకు. అవి నీకు రాసిన ఉత్తరాలు కావు.

తాండ్ర పంపుతున్నాను, చీమలు పట్టకుండా చూసుకో. ఇక్కడ వానలు మొదలయ్యాయి. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఈ ఇంట్లో ఉండబుద్ధి కావడం లేదు. గొడుగు వేసుకుని గుడికి పోయి కూర్చుంటున్నాను.

అక్క

*

ఇందిరా నగర్
30 జూన్

అక్కయ్యా,

క్షేమమని రాయడానికి ఈసారి నాకే చేయి రావడం లేదు.

మొత్తం పందొమ్మిది. అన్నీ విప్పినవే, అంచు వెంట కత్తితో జాగ్రత్తగా కోసి విప్పారు. లోపల గుండ్రటి చేతిరాత, ఎవరో బడిపిల్ల చేత రాయించుకున్నట్టుంది. మొదటిది తీసి పై వరుస గట్టిగా చదివాను: ‘ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.’ లోగనాయకమ్మ చేతులు జోడించింది. తర్వాత వరుస చూసి ఆపేశాను. అక్కడున్నది ఇదీ:

‘నాయనా, నన్ను పిలుచుకొని పో. ఇక్కడ నాకు రెండో పూట అన్నం పెట్టరు. ఆయన కొడతాడు, అత్త చూస్తా ఉంటుంది. గడప దాటనివ్వరు. నువ్వు వచ్చి పిలిస్తే పంపుతారు. చెల్లెల్ని అడిగినట్టు చెప్పు.’

ఎదురుగా ఆ ముసలావిడ. పసుపు రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని, పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చుంది. “చదువు సారూ, నిలిపేస్తివే?” అంది.

చదివాను. కాగితం మీద చూపు నిలిపి, నా నోటికి వచ్చింది చదివాను. గోదావరి పెరటి వెనకే పారుతోందన్నాను, అత్త తలంటి జడ వేస్తుందన్నాను, ఆయన సంత నుంచి గాజులు తెచ్చాడన్నాను, సున్నుండలు చేయడం నేర్చుకున్నానన్నాను. ఆవిడ నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ నవ్వింది. “మా అక్కకి గాజులంటే పిచ్చి,” అంది.

అబద్ధాలు రాసి బతికినవాణ్ణి, నాకిదేం కొత్త కాదు. కానీ ఇన్నేళ్ళలో నన్నింత నిండుగా విన్నవాళ్ళు లేరు. ఇప్పటికి ఏడు ఉత్తరాలయ్యాయి. సిగ్గు లేకుండా ఇంకో మాట కూడా చెప్తాను. రెండేళ్ళుగా రాని మాటలు ఆ గంట సేపూ ధారగా వస్తున్నాయి. చచ్చిపోయిన మనిషి కష్టం బతికున్న మనిషికి ఇప్పుడెందుకు చెప్పు?

మూర్తి

*

యానాం
8 జూలై

మూర్తీ,

ఆకలేస్తోందని రాయించుకున్న మనిషి చేత సున్నుండలు చేయిస్తున్నావా? బుద్ధుందా నీకు? ఆమె నోరు ఒక్కసారి తెరుచుకుంది, అదీ కాగితం మీద. ఆ నోట్లో నీ మాటలు కుక్కడానికి నువ్వెవడివి?

గుడ్డికన్ను మూస్తేనేం, తెరిస్తేనేం అనుకుంటున్నావేమో. ఆవిడకు అక్షరాలు రావు కానీ చెవులున్నాయి. నువ్వు చదవలేకపోతే ఆ పెట్టె నాకు పంపు. లేదా నోరు మూసుకుని యానాం వచ్చేయి.

అక్క

*

ఇందిరా నగర్
26 జూలై

అక్కయ్యా,

నీ కోపానికి పది రోజులు అలిగి, అడిగేవాళ్ళు లేక అలక మానేశాను. నాకు తెలుసులే, ఒకరి ఏడుపు ఎత్తుకొచ్చి నవల చేసుకుంటున్నాడని నీ బాధ. ఈసారి అది కాదు, నమ్ము. పెట్టె పంపడం నా వల్ల కాదు, అది ఆవిడ ప్రాణం.

మొన్న ఆవిడ నన్ను వీరాంపట్టినం గుడికి తీసుకెళ్ళింది. అక్క సుఖంగా బతికి పోయిందని తెలిసినందుకు పొంగలి పెట్టి మొక్కు తీర్చుకుంది. వచ్చిన వాళ్ళందరికీ తన చేత్తో వడ్డించి, “మా అక్క యానాంలో రాణి మాదిరి ఉండె,” అని చెప్పుకుంది. పొంగలి ముట్టకుండా నా ఆకు మడిచేశాను.

తిరిగొచ్చేటప్పుడు దారిలో అడిగాను, ఇన్నేళ్ళు ఎవరూ చదవకుండా ఎలా ఊరుకున్నారని. ఆవిడ చెప్పిందాన్ని ఆవిడ మాటల్లోనే రాస్తాను:

“మొదటి జాబు వచ్చినప్పుడు ఆంధ్రా నుంచి విత్తనాల మనిషి ఒకడు ఊళ్ళో ఉండె. వాడి చేత మొదటి వరస చదివించినాడు నాయన. క్షేమం అన్నాడు. ఇంక చాలు, ఆడబిడ్డ జాబు పరాయోడు చదవకూడదు, ఆ క్షేమం అనే మాట యాడ ఉండాదో చూపించి పో అన్నాడు. నాయనకి కండ్లు సరిగా కనపడవు. నాకి పదేండ్లు. నేను ఆ మాట ఆకారం నేర్చుకుంటి. అప్పట్నించి జాబు వస్తే నాయన కోసి విప్పేది, నేను పై వరసలో ఆ మాట వెతికి వేలు పెట్టేది. ఉండాదా తల్లీ అంటాడు. ఉండాది నాయనా అంటాను. కండ్లకి అద్దుకొని పెట్టెలో పెట్టేది. బిడ్డ క్షేమంగా ఉంటే పిలవకుండా వియ్యంకుడింటికి పోతే మర్యాద కాదు గదా సారూ.”

పందొమ్మిది సార్లు. ఎంత గర్వంగా చెప్పింది, తెలుసా? తెలుగు రాతలో ఆవిడ గుర్తుపట్టగలిగే ఒకే ఒక్క మాట అది.

అక్కయ్యా, నాకు ఆ మొగుడి మీద కూడా రానంత కోపం ఆ ఉత్తరాలు రాసిపెట్టిన పిల్ల మీద వచ్చింది. వాతలు తేలిన మనిషి చెప్తుంటే, పైన ‘అందరం క్షేమం’ అని ముగ్గు వేసినట్టు రాసింది చూడు, ఎంత తెలివితక్కువ పిల్ల అయ్యుండాలి! ఆ ఒక్క మాట లేకపోతే ఆ తండ్రి మొదటి నెలలోనే బయలుదేరేవాడు.

ఇంకోటి చెప్పాలి, నవ్వకు. నేను ముందు ఉత్తరాలు తిరగేసి చూసుకోను, ఏ రోజుది ఆ రోజే తీస్తాను. పదకొండో ఉత్తరం రోజు నా నోటికి అనుకోని మాట వచ్చింది: ‘పక్కింటి చంటివాడొకడు కిటికీ దగ్గరికి వస్తాడు, బెల్లం ముక్క పెడతాను, చేయి నాకేసి నవ్వుతాడు.’ ఎందుకన్నానో తెలీదు. మర్నాడు పన్నెండోది విప్పాను. అందులో ఉంది: ‘పక్కింటి చంటోడికి కిటికీలోంచి బెల్లం ముక్క ఇస్తినని అత్త చేతికి వాత పెట్టింది.’

ఆ రోజు తలనొప్పి అని చెప్పి చదవలేదు. అప్పటి నుంచి మూడవుతుంటే నా గదిలో కాల్చిన బెల్లం వాసన వస్తోంది. కింద వంటింట్లోదే అయ్యుంటుందనుకున్నాను. అడిగితే ఆ రోజు పొయ్యి మీద బెల్లం పెట్టలేదన్నారు.

మూర్తి

*

ఇందిరా నగర్
14 ఆగస్టు

అక్కయ్యా,

మూడు వారాలైంది. ఒంట్లో బాగాలేదా? నేనేమైనా అనకూడనిది అన్నానా? పన్నెండో ఉత్తరం దగ్గరే ఆగి ఉన్నాను. ఆవిడ రోజూ మూడింటికి మెట్ల కింద నిలబడి పైకి చూసి వెళ్ళిపోతోంది. ఒక్క ముక్క రాయి.

మూర్తి

*

యానాం
20 ఆగస్టు

మూర్తీ,

ఆ తెలివితక్కువ పిల్లని నేనే.

మన పెరటి గోడకు అవతలి ఇల్లు వాళ్ళది. అత్తగారు మధ్యాహ్నం మూడింటికి కునుకు తీసేది. అప్పుడు సుగంధక్క కిటికీ దగ్గరికి వచ్చి, “పాపా, రాస్తావా?” అని మెల్లగా పిలిచేది. నేను కిటికీ కింద పలక ఒళ్ళో పెట్టుకుని, దాని మీద ఉత్తరం పరిచి రాసేదాన్ని. ఆమెకు అక్షరాలు రావు. నేనే తపాలా డబ్బాలో వేసేదాన్ని. బళ్ళో అప్పుడే ఉత్తరం పాఠం చెప్పారు. మొదటి రోజు పై వరుస రాసి గట్టిగా చదివి వినిపించాను. “అది వద్దు పాపా, నేను క్షేమంగా లేను గదా,” అంది. “అది లేకపోతే ఉత్తరం కాదు, మాస్టారు చెప్పారు,” అన్నాను. ఆమె నవ్వింది. “సరే, మీ అయ్యవారు చెప్తే రాయి,” అంది. పందొమ్మిది సార్లూ రాశాను. మళ్ళీ ఒక్కసారి కూడా ఆమె వద్దనలేదు. డబ్బాలో వేసొచ్చి ప్రతిసారీ, “ఈ వారం వస్తారక్కా,” అని చెప్పేదాన్ని.

నిన్ను చంకనేసుకునే రాయడానికి వెళ్ళేదాన్ని. ఆ చంటోడివి నువ్వే. నీ నవలలో కిటికీ మనిషిని చదివిన రోజు నేను అన్నం తినలేదు. ఊహించానని నువ్వు ఊరంతా చెప్పుకుంటుంటే ఏమనను? చెప్తే నాదీ చెప్పాల్సి వస్తుంది.

ఆమె పోయాక ఆ తండ్రి వచ్చాడు, పెద్ద కర్మ కూడా అయిపోయిన తర్వాత. నేను గోడ పక్కన దాక్కుని చూశాను. ఉత్తరాలు అందీ రాని మనిషి ఇప్పుడెందుకొచ్చాడని మనసులో తిట్టుకున్నాను. యాభై ఐదేళ్ళు ఆ కుటుంబాన్ని తిట్టుకుంటూ బతికాను. అందాయో లేదో తెలుసుకుందామనే నిన్ను అక్కడికి పంపాను. పందొమ్మిది సార్లు రాసిన చిరునామా మరిచిపోతానా? తప్పు వాళ్ళదేనని తెలిస్తే నిశ్చింతగా చచ్చిపోదామనుకున్నాను. అది నా చేతి మాటేనని నీ ఉత్తరం వచ్చాక తెలిసింది.

పిల్లలకు ఆ పాఠం ఎందుకు చెప్పలేదో ఇప్పుడైనా తెలిసిందా? రాస్తుంటే చేయి ఆగిపోయేది, అంతే. ఎందుకో నాకూ తెలీదు. చేతికి ముందే తెలుసు కాబోలు.

మూడింటికి నేను గుడికి పోయేది భక్తితో కాదు. చెవులు పోయాయని అందరూ అంటున్నారు. ఫోను వినపడదు, గంట వినపడదు. ఆ పిలుపొక్కటే వినపడుతుంది.

ఇప్పుడు చదువు. మొదటి నుంచి, ఉన్నది ఉన్నట్టు. నా పేరు కూడా చెప్పు.

చిన్నమ్మాయి

*

ఇందిరా నగర్
2 సెప్టెంబరు

అక్కయ్యా,

నిన్ను అన్న మాటకు నా చేయి నరుక్కోవాలనిపించింది. క్షమించమని రాస్తే చిన్న మాట అవుతుంది.

చదివాను. ముందు కాళ్ళ మీద పడి, ఇన్నాళ్ళూ నేను చదివింది కట్టుకథ అని చెప్పాను. లోగనాయకమ్మ పెట్టె నా ముందుకు జరిపింది. “ఇప్పుడు చదువు,” అంది. ఒక్క మధ్యాహ్నంలో పందొమ్మిదీ చదివాను. మధ్యలో కార్తికేయన్ వచ్చి, తల్లి ముఖం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. ఆఖరి ఉత్తరంలో పై వరుస కింద రెండే మాటలున్నాయి: ‘చెల్లి పెద్దదై ఉంటుంది. ఎవురూ రాకపోయినా చెల్లిని ఒక తూరి పంపు నాయనా.’

ఆవిడ ఏడవలేదు. ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, పై వరుసలో ఆ మాట మీద వేలు పెట్టింది. ఒక్క క్షణం కూడా వెతకలేదు.

“అయితే ఇది ఏంది సారూ?”

చెప్పాను. బడి, పాఠం, పన్నెండేళ్ళ పిల్ల, ఆ పిల్ల నా అక్క. వేలు తీయకుండానే, “ఆ పాప ఉండాదా?” అంది. ఉందన్నాను.

లేచి వెళ్ళి బీరువా తీసింది. కొత్త చీర, గాజులు, పసుపు కుంకుమ బుట్టలో సర్దింది. కార్తికేయన్ ఏంటమ్మా అంటే, “వచ్చి పిలిస్తే పంపుతారని రాసింది గదా. పిలిచేదానికి ఎవురూ పోలే. నేను పోతా. కారు తియ్యి,” అంది.

నేను కట్టి చెప్పిన అబద్ధాల గురించి మన్నించమని మళ్ళీ అడిగాను. ఆవిడ అన్న మాట నేను రాసిన పుస్తకాలన్నిటికన్నా పెద్దది. “నువ్వు చెప్పిన అక్క కూడా ఉండనీ సారూ. అయితే ఆకలితో ఉండేది ఈ అక్క గదా. ముందు ఈమెకి పెట్టాల.”

నేను వాళ్ళతో రావడం లేదు. ఇది మీ ఇద్దరి మధ్య సంగతి. గురువారానికి అక్కడుంటారు. ఏమన్నా పడు, తలుపు మాత్రం వేసుకోకు.

మూర్తి

*

యానాం
7 సెప్టెంబరు

మూర్తీ,

వచ్చారు, వెళ్ళారు.

తలుపు వేసుకోలేదు కానీ, కారు ఆగగానే ఎదురు వెళ్ళకుండా తలుపు చాటుకు జరిగాను. ఆవిడ దిగి నన్ను చూడకుండా తిన్నగా పెరట్లోకి నడిచింది. దారి ఎవరు చెప్పారో! అవతల ఇల్లెక్కడిది, ఇప్పుడది టైల్సు గోడౌను. మన గోడ మాత్రం అలాగే ఉంది. గోడ మీద ఆకు పరిచి, క్యారియరు విప్పి అన్నం, పప్పు, నెయ్యి, సున్నుండలు వడ్డించింది. సున్నుండలు నీవేనట, నీ అబద్ధంలోంచి తెచ్చానంది. పక్కన చీర, గాజులు పెట్టింది. పెట్టి గోడవైపు తిరిగి, అవతల నిజంగా మనిషి ఉన్నట్టే పిలిచింది.

“అక్కా, నేను లోగాని. నాయన పంపినాడు. రా, పోదాం.”

నాకు వినపడింది మూర్తీ. చెవిలో పెట్టుకునే మిషను లేకుండానే వినపడింది.

అప్పుడు నా చెవి దగ్గరికంటా వచ్చింది. “ఆ మాట నువ్వేనా రాస్తివి?” అంది. అవునన్నాను. “ఎన్నేండ్లు నీకి అప్పుడు?” పన్నెండు అన్నాను. “నాకి పది,” అంది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. నా కుడిచేయి తీసుకుని తన చూపుడువేలు దాని మీద పెట్టింది.

“నువ్వు రాస్తివి. నేను చూపిస్తిని. ఇద్దరం చిన్నబిడ్డలం. పెద్దోళ్ళెవరూ చదవలేదు,” అంది. ఇద్దరం ఆ గోడ కిందే కూలబడి ఏడ్చాం. ఆ అబ్బాయి కార్తికేయన్ ఏం చేయాలో తోచక మంచినీళ్ళు తెచ్చి పట్టుకు నిలబడ్డాడు.

వెళ్ళేటప్పుడు ఆవిడ కారు వెనక సీట్లో ఓ పక్కకు జరిగి కూర్చుంది. అవతలి తలుపు తెరిచే ఉంచింది. కొడుకు వేయబోతే వద్దంది. నా వైపు చూసింది. నేను కాసేపు ఆగి, ఒక మనిషి చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కి కూర్చునేంత సేపు ఆగి, ఆ తలుపు నా చేత్తో వేశాను.

ఇవాళ మూడింటికి గుడికి పోలేదు. పెరట్లో పీట వేసుకుని, పలక లేదు కనుక అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పిలిస్తే ఈసారి ఆమె చెప్పిందే రాద్దామని, పై వరుస ఖాళీగా వదిలి కూర్చున్నాను. మూడున్నరైంది, నాలుగైంది. ఎవరూ పిలవలేదు. సంతోషించాల్సింది పోయి చంటిపిల్లలా ఏడ్చాను రా. ఇన్నేళ్ళు పక్కనుండి, నాతో ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆ కాగితమే ఇది.

చిన్నమ్మాయి